నాలుక కింద గింజ

చింతగింజను నాలుక కిందికి తోసుకుని పెదాలు మూసుకున్నాను. ఇక పిట్ట ఉచ్చులో పడేదాకానో, పొద్దెక్కి అది పడదని తేలిపోయేదాకానో నోరు విప్పడానికి లేదు. ఇది మా నాయిన పెట్టిన నియమం. నేర్చుకునేవాళ్లు మొదటిసారి సొంతంగా కౌజు పిట్టను పిలిచే పొద్దున, నేర్పినవాళ్లు వెనకాల కూర్చుని నాలుక కింద చింతగింజ పెట్టుకోవాలి. నాలుక కదిలితే గింజ పండ్లకు తగులుతుంది, తగిలితే మన బుద్ధి మనకు తెలుస్తుంది. పిట్టను పిలవడం ఆరు నెలల చదువు, పిలవకుండా కూర్చోవడం ఆరేళ్ల చదువు అనేవాడు. నాకు డెబ్బయి నిండాయి, ఆ రెండో చదువు ఇంకా పూర్తి కాలేదు. తూర్పున ఎరుపు రాలేదు, బూడిద రంగే ఉంది. సీతాఫలం పొదలు ఒక్కొక్కటీ మనిషి గొంతుక్కూర్చున్నట్టు కనిపిస్తున్నాయి. వాటిలో నిజంగా మనిషి అయినది నాకు నాలుగు బారల ముందు కూర్చున్న రుహీ ఒక్కతే. ఆకుపచ్చ చున్నీ తలచుట్టూ బిగించి కట్టుకుంది, వీపు నిటారుగా ఉంది, భుజాలు మాత్రం చెవులదాకా లేచి ఉన్నాయి. భుజాలు దించు బిడ్డా, భయమంతా పిట్టకు అక్కడే కనబడుతుంది అని చెప్పాలనిపిస్తోంది, చెప్పడానికి లేదు. ఇందాక పొద వెనక్కి దూరే ముందు "అవ్వా, చేతులు వణుకుతానయి, ఏం జెయ్యాలె?" అని అడిగింది. "వణకనియ్యి. చేతులతోని పిలుస్తమా, నోటితోని పిలుస్తం గని" అన్నాను. నవ్వలేదు. అదే మాట నా తోటిది మొగిలమ్మ అని ఉంటే నవ్వేది.

మొగిలమ్మ గుట్టకు అవతలి పక్క ఉంది, కాలేజీ పిల్లలైన తేజస్వినీ అనిల్‌నూ వెంట పెట్టుకుని. మా ఇద్దరికీ ఈ ముసలితనంలో ఈ కొలువు ఎలా వచ్చిందంటే, సుదర్శన్ సారు అని వరంగల్ కాలేజీలో జంతుశాస్త్రం చెప్పే ఆయన, వర్ధన్నపేట చుట్టుపక్కల గుట్టల మీద కౌజులు ఎన్ని మిగిలాయో, ఎక్కడెక్కడ తిరుగుతాయో లెక్క తీస్తున్నాడు. పిట్టను ప్రాణంతో పట్టాలి, కాలికి అల్యూమినియం రింగు తొడగాలి, వదిలేయాలి. నా చిన్నప్పుడు కౌజును పడితే కూర, ఇప్పుడు పడితే కేసు, కానీ సారు దగ్గర పర్మిషన్ కాగితం ఉంది. ఆ కాగితం నేను మూడుసార్లు చదివాను. అర్థం కాని మాటలు ఉన్నా చదివాను, చేతికొచ్చిన కాగితాన్ని చదవకుండా వదిలిపెట్టే అలవాటు నాకు లేదు. బోనులో పెంపుడు పుంజును పెట్టి పట్టేవాళ్లు ఇంకా అక్కడక్కడా ఉన్నారు. ఏ సాయమూ లేకుండా నోటితో పిలిచి రప్పించేవాళ్లు ఈ తావులో ఇద్దరమే మిగిలాం, ఇద్దరమూ మా నాయిన దగ్గర నేర్చుకున్నవాళ్లమే. "మా పిల్లలకు చదువుందమ్మా, ధైర్యం లేదు. అది మీరియ్యాలె" అన్నాడు సారు. ధైర్యం ఇవ్వడానికి అది కొంగున కట్టుకునే వస్తువా అనుకున్నాను నేను. మొగిలమ్మ మాత్రం "గదెంత పని సారూ, మేమిద్దరం ముసలోళ్లం ఉన్నది గందుకే గద" అంది. సారు నవ్వాడు. పిల్లలు నవ్వారు. ఆ రోజు నుంచి దానిది నవ్వే జట్టు, నాది నోరు మూసుకునే జట్టు.

రుహీ మొదట నా జట్టులోనే పడింది. ఐదు పొద్దులు నా ముందు కూర్చుంది, ఐదు పొద్దులూ ఒక్క ఈక కూడా రాలేదు. తప్పు ఎక్కడ చేస్తోందో నాకు తెలుసు. కొత్తవాళ్లందరూ చేసే తప్పే, వాళ్లు మెత్తగా పిలుస్తారు. పెట్ట పిలిచినట్టు, రా రా అని బతిమాలుతున్నట్టు. పిట్ట అంటే ప్రేమకు వస్తుందని చదువుకున్నవాళ్లకు ఎవరు చెప్పారో. "ప్రేమకు రాదు బిడ్డా, ఓర్వలేక వస్తది" అని మా నాయిన నా పన్నెండో యేట చెప్పాడు. తన జాగాలో ఇంకొక పుంజు గొంతెత్తిందంటే కౌజుకు కడుపు మండుతుంది, ఆ మంటతోనే నడుచుకుంటూ వచ్చి ఉచ్చులో కాలు పెడుతుంది. కాబట్టి గర్వంగా కూయాలి, ఈ పొద నాది, ఈ గింజలు నావి, ఈ పొద్దు నాది అన్నట్టు కూయాలి. ఇదంతా రుహీకి చెప్పాను, ఐదుసార్లు చెప్పాను, చెప్పిన ప్రతిసారీ ఆ పిల్ల భుజాలు ఇంకొంచెం పైకి లేచాయి. ఆరో రోజు సారు ఆమెను మొగిలమ్మ జట్టులోకి మార్చాడు. మొగిలమ్మతో కూర్చున్న మొట్టమొదటి పొద్దునే పిట్ట పడింది. నా చెవులతో నేను విన్నాను, గుట్ట దాటి వచ్చిన ఆ కేకలు, చప్పట్లు. తేజస్వి ఫోన్లో ఫొటో చూపించింది, మధ్యలో మొగిలమ్మ, దాని భుజం మీద రుహీ తల, రుహీ చేతిలో పిట్ట. నా దగ్గర ఐదు రోజులు బిగుసుకుని ఉన్న మొహమేనా అది. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఎసరు ఎక్కువైందని కోడలితో అబద్ధం చెప్పాను.

మళ్లీ ఇవాళ నా దగ్గరికి ఎందుకు వచ్చిందో తెలియదు. తానే అడిగి వచ్చిందని సారు చెప్పాడు. జాలిపడి వచ్చి ఉంటుంది. ముసలిది చిన్నబుచ్చుకుంది అని మొగిలమ్మే చెప్పి పంపి ఉంటుంది, చేస్తుంది అలాంటి పుణ్యాలు. ఇవాళ ఆఖరి పొద్దు. ఇవాళ రుహీ ఒంటరిగా పిట్టను పిలిచి, పట్టి, తన చేత్తో రింగు వేస్తే సారు కాగితం మీద సంతకం పెడతాడు, ఆ సంతకంతో ఆమె రాజస్థాన్ వైపు పిట్టల పనికి వెళుతుంది, మొదటి ఉద్యోగం. సుదర్శన్ సారు సాక్షిగా ఉండమన్నది నన్ను. పడకపోతే ఇంకొక నెల ఇక్కడే, నా ముందే, ఈ పొదలోనే. ఈ మాట నేను ఎవరితోనూ అనలేదు కానీ నిన్నటి నుంచి లోపల తిరుగుతోంది, చీకట్లో పిల్లి తిరిగినట్టు. ఒక్క దగ్గు చాలు. డెబ్బయి ఏళ్ల ముసలిది దగ్గితే ఎవరు తప్పు పడతారు? పిట్ట పారిపోతుంది, సంతకం ఆగిపోతుంది, పిల్ల ఉండిపోతుంది, మొగిలమ్మ ఇచ్చిన ధైర్యం కూడా అంతేలే అని అందరికీ తెలిసిపోతుంది. గింజ నాలుక కింద చల్లగా ఉంది. చీ, ఏం మనిషిని నేను.

కూసింది. "కతితర్, కతితర్, కతితర్." మూడుసార్లు. మధ్యలో జర వణికింది కానీ మెత్తగా లేదు, బతిమాలలేదు. బాగుంది. ఎక్కడ నేర్చుకుంది ఇది, నా దగ్గరా, దాని దగ్గరా? నేను కూస్తే చివర్న సన్నగా ఈల కలుస్తుంది, ముందటి పన్ను ఊడినప్పటి నుంచీ, మొగిలమ్మ దాన్ని పిల్లల ముందు చేసి చూపించి నవ్విస్తుంది. దానికి ముప్పై రెండూ ఉన్నాయి, కట్టుడువే అయినా ఉన్నాయి. రుహీ కూతలో ఈల లేదు. అయితే నాది కాదు. కానీ మొదటి కూత తర్వాత ఊపిరి బిగబట్టి తల కొంచెం ఎడమకు వాల్చింది చూడు, అది నాది, మొగిలమ్మ తల కదిలించదు, అది మా నాయినది, నాయిన నుంచి నాకు, నా నుంచి ఆ పిల్లకు. ఎక్కడో ఖమ్మం రోడ్డు మీద మొదటి బస్సు గేరు మార్చుకుంటూ ఎక్కుతోంది. బస్సు మనిషిని తీసుకుపోయేదే కానీ తెచ్చేది అని నాకు ఎప్పుడూ అనిపించలేదు, తెచ్చిన రోజులూ ఉండి ఉంటాయి, అవి గుర్తుండవు. నా మొగుడు బొంబాయి దగ్గర భివండీ మగ్గాలకు పోయింది ఇదే రోడ్డు మీద, వరంగల్ స్టేషన్‌దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. కిటికీలోంచి చెయ్యి ఊపాడు, ఆ చేతిలో నేను కట్టిచ్చిన సద్ది మూట ఉండటంతో సరిగ్గా ఊపలేకపోయాడు, ఎత్తీ ఎత్తనట్టు ఉంది. మూట కింద పెట్టి ఊపి ఉంటే బాగుండేది అని నలభై ఏళ్లుగా అనుకుంటున్నాను.

అతని ఉత్తరాలు మొగిలమ్మ చదివేది. నాకు అప్పట్లో చదువు రాదు, దానికి ఐదో తరగతిదాకా వచ్చు. పోస్టాయన ఉత్తరం ఇస్తే పట్టుకుని దాని ఇంటికి పోవాలి, అది చేతులు కడుక్కుని, తుడుచుకుని, విప్పి, మొదట తనలో తాను చదువుకునేది. పెదాలు కదిలేవి. అప్పుడప్పుడూ నవ్వేది. ఆ తర్వాత నాకు వినిపించేది. నా మొగుడి మాట నాకంటే ముందు దాని చెవిన పడేది. ఆ ఒక్క నిమిషం, అది తనలో చదువుకునే నిమిషం, నేను దాని గడపలో కూర్చుని కాలి మట్టి గోకుతూ గడిపిన ఆ నిమిషం కోసమే నేను చదువు నేర్చుకున్నాను. బస్సు బోర్డులు చూసి వ, బజ్జీల పొట్లం విప్పి ర, సినిమా పోస్టర్లలో గ. మిల్లులో నూకలు చెరుగుతూ సంచుల మీది అక్షరాలు కూడబలుక్కున్నాను. రెండేళ్లు పట్టింది. నేనే విప్పి, నేనే చదివిన మొదటి ఉత్తరంలో ఈ ఏడు రాలేనని రాసి ఉంది. రెండు మూడుసార్లు చదివాను, తప్పు చదివానేమోనని. దానికి ఇచ్చి చదివించుకుందామని కూడా అనిపించింది, అది చదివితే వేరేగా ఉంటుందేమోనని. ఆ మరుసటి ఏడు మనిషి రాలేదు, అతని ట్రంకు పెట్టె వచ్చింది, దాని మీద పేరు చదివి తాళం తీసింది నేనే.

జవాబు వచ్చింది! గుట్ట వాలున, మోదుగు చెట్ల అవతల నుంచి, గరుకుగా. ముసలి పుంజు, తనకంటూ జాగా ఉన్నది. రుహీ భుజాలు టక్కున లేచాయి. ఆగు. ఆగు బిడ్డా. ఇదిగో ఇక్కడే అందరూ పాడు చేస్తారు. పిట్ట పలికిందనగానే ఆత్రం ఆగక మళ్లీ కూస్తారు, మళ్లీ మళ్లీ కూస్తారు, అది అక్కడే కూర్చుని జవాబు చెబుతూ ఉంటుంది, పంచాయితీలో మాట్లాడినట్టు, కదలదు. రెండు జవాబులు విన్నాక నోరు మూసుకోవాలి. ఈ కూసినవాడు ఏమైపోయాడు, నా గింజలు తింటున్నాడా, నా పెట్ట దగ్గరికి పోయాడా అని అది లోపల ఉడికిపోవాలి. కూతకు రాదు, కూత ఆగినందుకు వస్తుంది. రుహీ ఒకసారి కూసింది. పుంజు ఇంకా గట్టిగా జవాబిచ్చింది. రుహీ చెయ్యి నోటిదాకా వెళ్లింది, వెళ్లి ఆగింది. మెల్లగా ఒళ్లోకి దిగింది. భుజాలు కూడా దిగాయి. నా కళ్లలో నీళ్లు ఎందుకు వచ్చాయో. ఐదు రోజులు చెప్పినా దిగని భుజాలు. ఇప్పుడు మౌనం. ఎంతసేపో. మోకాలి కింద రాయి ఒత్తుకుంటోంది, గొంతులో గర గర మొదలైంది, నిజమైన దగ్గు ఇది, కావాలని వచ్చింది కాదు, కావాలని వచ్చిందో ఏమో, ఎవరికి తెలుసు లోపల ఏది ఏమిటో. గింజను అంగిట్లోకి నొక్కిపెట్టాను. కంటి నీళ్లు చెంపల మీదికి వచ్చాయి, దగ్గు రొమ్ములోకి దిగిపోయింది.

ఎండుటాకుల మీద నడక. పిట్ట ఎగిరి రాదు, నడిచే వస్తుంది, కొట్లాటకు పోయే మనిషి పంచె ఎగగట్టుకుని నడిచినట్టు. ఉచ్చుల వరస పరికి పొదల సందులో ఉంది, నిన్న సాయంత్రం రుహీ తానే నైలాన్ దారంతో కట్టింది, నేను ముడులు మాత్రం వేలితో తడిమి చూశాను. నా చిన్నప్పుడు గుర్రపు తోక వెంట్రుకలు ఉండేవి. అదిగో, తల కనబడింది. రెండు అడుగులు వేసింది. ఆగింది. మెడ చాచింది. సందు బారెడు దూరంలో ఉంది, పిట్ట ఆలోచిస్తోంది. ఇంకొక్క కూత, సన్నగా, నేలబారుగా పడితే దూసుకు వస్తుంది, ఆ కూత నాకు వచ్చు, రుహీకి ఇంకా రాదు. నేను కూస్తే పిట్ట ఇప్పుడే పడుతుంది, కూసింది నేనని ఆ పిల్లకేం తెలుస్తుంది, సంతోషపడుతుంది, నా భుజం మీద కూడా తల పెడుతుంది. ఫొటో దిగుతుంది. సరిగ్గా ఇలాగే ఆగింది ఆ రోజు కూడా, యాభై ఎనిమిదేళ్ల కిందటి పిట్ట, ఇలాగే ఒక కాలు ఎత్తి.

ఆ రోజు పొదలో ముందు కూర్చున్నది నేను. వెనక నాయిన, నాయిన పక్కన మొగిలమ్మ, పక్కింటి పిల్ల, నాకంటే ఏడాది పెద్దది, వరసకు వదిన. దానికి అంతకు ముందు వారమే మొదటి పిట్ట పడింది, నాయిన దాని కోసం చింతగింజ పెట్టుకున్నాడు, పడ్డాక నోరు తెరిచి నాలుక ఎత్తి గింజను దానికి చూపించాడు, అది ఆ గింజను తీసుకుపోయి గూట్లో దాచుకుంది. నా పొద్దు వచ్చింది. నేను కూశాను, పిట్ట వచ్చింది, ఆగింది, అప్పుడు నా వెనక నుంచి ఒక కూత వినబడింది. పిట్ట ఉరికి వచ్చి ఉచ్చులో పడింది. నేను పిట్ట వైపు ఉరకలేదు. వెనక్కి తిరిగాను. నాయిన నవ్వుతున్నాడు. "నోరు తెరువు నాయినా" అన్నాను. తెరిచాడు. గింజ లేదు. "మింగిన బిడ్డా" అన్నాడు. మొగిలమ్మ కిసుక్కున నవ్వి, "అబద్ధం! మామనే కూసిండు, మామనే కూసిండు" అంది. అంతే. ఆ తర్వాత నేను వందల పిట్టలను పిలిచాను, ఊళ్లో నా పేరు చెప్పుకున్నారు, కానీ మొదటి పిట్ట నాది కాదు. మొగిలమ్మ మీద నాయినకు నమ్మకం ఉంది, నా మీద లేదు. దాని కోసం నోరు మూసుకున్నాడు, నా కోసం మూసుకోలేకపోయాడు. ఈ మాటను నేను తాలింపు పెట్టేటప్పుడు, నాట్లేసేటప్పుడు, దవాఖానలో నాయిన మంచం పక్కన కూర్చున్నప్పుడు కూడా నమిలాను. ఆయన చివరి రోజుల్లో చెయ్యి పట్టుకుని ఏదో చెప్పబోతే, ఇప్పుడెందుకులే అన్నట్టు దుప్పటి సర్దాను. పోయేవాళ్లను అడగాల్సినవి అడగకుండా దుప్పట్లు సర్దడం నాకు బాగా వచ్చు.

పిట్ట ఇంకా అక్కడే ఉంది. ఎత్తిన కాలు దించలేదు. నా నాలుక కదులుతోంది, నేను కదిలించడం లేదు, అది కదులుతోంది, గింజ పండ్లకు తగిలి టక్కుమంది, ఎంత పెద్ద చప్పుడో, పిట్టకు వినబడిందా, రుహీకి వినబడిందా. కూయను. కూయను కూయను కూయను. మొగిలమ్మా పిల్లలూ ఎంత నవ్వినా నవ్వనీ, ఈ పిల్ల రాజస్థాన్ పోతే పోనీ, ఖమ్మం రోడ్డు మీద బస్సు ఎక్కి చెయ్యి సరిగ్గా ఊపినా ఊపకపోయినా. పండ్లు బిగించాను, రెండు చేతులతో మూతి నొక్కి పట్టుకున్నాను, ఊపిరి లోపలికి గట్టిగా పీల్చాను, అప్పుడే నా వెనక, ఎడమ పక్క తంగేడు చెట్ల లోంచి, "కతితర్!" అని ఒకే ఒక్క కూత. నేను అదిరిపడ్డాను. గొంతులో ఏదో గట్టిగా దిగింది. ముందు ఉన్న పిట్ట ఉరికింది, ఎండుటాకులు ఎగిరాయి, పరికి పొద సందులో రెక్కల కొట్లాట. రుహీ లేచి ఉరికింది, చున్నీ తల మీది నుంచి లాగి పిట్ట మీద కప్పింది, మోకాళ్ల మీద పడింది, చేతులు వణకలేదు. దారాన్ని కాలి మీది నుంచి నేను చెప్పినట్టే ముందు వదులు చేసి, ఆ తర్వాత తీసింది. పిట్ట తలను అరచేతిలో మూసింది. సంచిలోంచి రింగు తీసి, పటకారుతో నొక్కింది. నేను లేవలేక లేచి, అద్దాలు పెట్టుకుని, రింగు మీది చిన్న చిన్న అంకెలు పైకి చదివి వినిపించాను, తాను పుస్తకంలో రాసుకుంది. నోరు ఎప్పుడు విప్పానో అప్పటికి నాకే తెలియదు.

పిట్టను ఇంకా వదలలేదు. దాని గుండె కొట్టుకోవడం చున్నీలోంచి కూడా కనబడుతోంది. రుహీ దాన్ని చూడకుండా నన్ను చూస్తోంది.

"అవ్వా, ఒక్క మాట. అమ్మతోడు నిజం చెప్పాలె."

"ఏంది బిడ్డా?"

"మొగిలవ్వ తాన నాకు పిట్ట పడ్డది గదా. అది నేను పిలిస్తే రాలే. ఆమె కొంగు నోటికి అడ్డం బెట్టుకొని ఎనకనుంచి కూసింది. అందరికి అట్లనే చేస్తది. అడిగితే, ఏమైతది తియ్, మీకు ధైర్యం రావాలె గద అన్నది. మంచిదే. కని నాకు రాలే ధైర్యం. అందుకే సారును అడుక్కొని నీ తానికి వచ్చిన. ఇప్పుడు ఎనకనుంచి కూసింది ఎవరు? నువ్వేనా?"

ఈ చూపు నాకు తెలుసు. ఈ చూపును ఇంతకుముందు ఎప్పుడూ బయటి నుంచి చూడలేదు, లోపలి నుంచే తెలుసు. చూపించడానికి నోరు తెరిచాను. నాలుక ఎత్తాను. నాలుక కింద ఏమీ లేదు. చెంపల పక్క వేలు పెట్టి వెతికాను, లేదు. గొంతులో దిగింది ఏమిటో అప్పుడు తెలిసింది.

"మింగిన బిడ్డా" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచి నా గొంతుతో రాలేదు. పొదలన్నీ ఒక్కసారి వంగినట్టయ్యాయి. చేతికి అందిన సీతాఫలం కొమ్మ పట్టుకున్నాను. రుహీ రెండు క్షణాలు నా మొహంలోకి చూసింది, నమ్మదు, ఎలా నమ్ముతుంది, నేను నమ్మానా. ఎదురుగా ఉన్నది రుహీనో పన్నెండేళ్ల నేనో తెలియలేదు. అప్పుడు ఆ పిల్ల నవ్వింది.

"నువ్వు గాదులే అవ్వా. నాకు ఎరుకనే. నువ్వు కూస్తే ఆఖర్ల ఈల వస్తది, ముందటి పన్ను లేదు గదా. గింత సాఫ్‌గ నువ్వు యాడ కూస్తవ్? అది పిట్టనే. రెండోది. దీనికంటె జర పడుచుది."

అంత తేలిక. చెవి పెట్టి విన్నది, అంతే. నాకు ఆ క్షణం ఆ పిల్ల మీద కూడా కడుపు మండింది, అంత తేలిగ్గా నమ్మగలిగినందుకు. మా నాయిన చుట్ట తాగేవాడు. ఆయన కూతకు ముందు గొంతులో ఒక గీర ఉండేది, తలుపు తెరిచే ముందు గొళ్లెం చప్పుడులాగా, వందల పొద్దుల్లో వేలసార్లు విన్నాను, నిద్రలో వినబడినా నాయినే అని చెప్పగలను. ఆ రోజు నా వెనక నుంచి వచ్చిన కూతలో, ఇందాకటి పిట్ట కూతలో లాగే, ఆ గీర లేదు. సాఫ్‌గా ఉంది. లేదని నాకు ఆ రోజే తెలుసు. చెవికి తెలుసు. మొగిలమ్మ నవ్విన నవ్వు చెవిలో పడ్డాక ఇక వేరే ఏదీ పట్టలేదు. దానికి ఆ నవ్వు ఎందుకు వచ్చిందో, ఇప్పుడు ఆలోచిస్తే అర్థమవుతోంది, ఆ పొద్దు దాకా ఊళ్లో పిట్టను పిలిచిన ఆడపిల్ల అదొక్కతే కదా. నాయిన చివర్లో నా చెయ్యి పట్టుకుని చెప్పబోయింది ఇదేనా, లేక మంచినీళ్లు అడిగాడా. గింజ కడుపులోకి పోతే ఏమవుతుందో కూడా నాకు తెలియదు, అప్పుడు ఆయనకేమయిందో కూడా అడగలేదు.

రుహీ మోకాళ్ల మీద వంగి చేతులు విప్పింది. పిట్ట ఒక క్షణం అరచేతుల్లోనే కూర్చుంది, వదిలారని దానికి తెలియలేదు. తెలిశాక నడవలేదు, ఎగిరింది, మోదుగు చెట్ల మీదుగా ఎర్రటి పొద్దులోకి. తంగేడు చెట్లలో రెండో పిట్ట ఇంకోసారి కూసింది, గెలిచినట్టు.

గుట్ట మలుపు దగ్గర మొగిలమ్మ కనబడింది, కట్టె పొడుచుకుంటూ, కట్టుడు పండ్లు మెరుస్తూ, వెనక తేజస్వి, అనిల్. అక్కడి నుంచే కేకేసింది.

"ఏమే సమ్మీ, పడ్డదా? ఎవలు పిలిచిండ్లే, నువ్వా, పొల్లనా?"

నేను జవాబు చెప్పేలోపే రుహీ లేచి నిలబడింది. చున్నీ చేతిలో జెండాలా ఉంది, భుజాలు కిందనే ఉన్నాయి.

"నేనే పిలిచిన మొగిలవ్వా! నేనే!"

ఆ రెండో 'నేనే' గుట్టకు తగిలి వెనక్కి వచ్చింది. నేను పొదలోనే నిలబడ్డాను, ఇంకా ఎవరూ నా వైపు చూడటం లేదు. యాభై ఎనిమిదేళ్లుగా ఒక మాట నా లోపల నాలుక కింద ఉండిపోయిందని నాకు ఇవాళే తెలిసింది. నోట్లో ఇప్పుడు ఏ గింజా లేదు. ఎవరికీ వినబడకుండా, పన్ను లేని సందులోంచి ఈల కలిసి వస్తున్నా సరే, మెల్లగా అన్నాను.

"నేనే పిలిచిన, నాయినా."